నీళ్ళు నింపాను

జూలై ఒకటో తారీకున రెజీస్ రెండు రైళ్ళు మారి, బస్సెక్కి దిగి, కుంటికాలు ఈడ్చుకుంటూ మదాం ఉగెట్ క్యాంపింగు గేటు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గేటు పక్క గదిలో ఉగెట్ ఫ్యాను ముందు కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఆ సముద్రపు ఒడ్డున, పడకా వంటా అన్నీ లోపలే ఉండే ఇంటిబళ్ళ వాళ్ళని చూసి చూసి ఆరితేరిపోయింది. పెళ్ళాం వెనక నిలబడి "రా, రా, ఆగు" అంటుంటే మొగుడు బండిని జాగాలోకి వెనక్కి ఎలా తోలుతాడో చూసి, ఆ కాపురం ఇంకెన్నాళ్ళో చెప్పేయగలదు.

"వచ్చావా సగం మొగుడా," అంది తలెత్తకుండా. "నీ సగం బండి పద్దెనిమిదో జాగాలో ఉంది. తాళం ఆ మేకుకి ఉంది, తీసుకో."

"తను ఎప్పుడు పోయింది?"

"తొమ్మిదింటి బస్సుకి. నువ్వు పదకొండింటికి వస్తావని తను తొమ్మిదింటికే పోయింది. నువ్వేమో తను పన్నెండింటి దాకా ఉంటుందేమోనని రెండింటికి వచ్చావు. ఇంత చక్కగా ఒకళ్ళనొకళ్ళు తప్పించుకునే జంటని నేనెక్కడా చూళ్ళేదు."

"ఏమైనా చెప్పమందా?"

"చెప్పమంది. ఎండగా ఉందని చెప్పమంది." ఉగెట్ అప్పుడు తలెత్తింది. "తల నెరిసింది ఆ పిల్లకి. రంగు వేసుకోవడం మానేసింది. నీకు చెప్పకూడదనుకో."

యాభై ఒక్కేళ్ళ మారివోన్‌ని పిల్ల అనేవాళ్ళు భూమ్మీద ఉగెట్ ఒక్కతే మిగిలింది.

రెజీస్ రొదెజ్ ఊళ్ళో పలకరాళ్ళతో ఇంటికప్పులు వేసేవాడు. పద్నాలుగో ఏట బడి మాని కప్పెక్కినవాడు నలభై ఏడో ఏట కప్పు మీంచి పడి, మోకాలు పోగొట్టుకుని దిగాడు. మోకాలితో పాటు నోరు కూడా విరిగి ఉంటే బాగుండేదని మారివోన్ అంటూ ఉండేది. ఇంట్లో కూర్చున్న మగాడి నోరు ఎంత పాడుదో ఆ నాలుగేళ్ళలో ఆమె పూర్తిగా చూసింది. చూసి, వెళ్ళిపోయింది. ఇల్లు అద్దెది. పిల్లలు లేరు. మిగిలిందల్లా ఈ బండి ఒక్కటే. పన్నెండేళ్ళ పాటు ప్రతి వేసవీ ఇద్దరూ కలిసి సముద్రం వెంబడి స్పెయిను దాకా తిరిగి వచ్చిన తెల్లబండి. వెనక అద్దం మీద నీలం కుక్క బొమ్మ ఉంటుంది. దాంట్లో తన సగం వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని ఏడాదిని రెండు ముక్కలు చేసుకున్నారు. జనవరి నుంచి జూన్ దాకా ఆమెది, జూలై నుంచి డిసెంబరు దాకా అతనిది. తాళం ఉగెట్ మేకుకి తగిలించాలి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడనక్కర్లేదు. చలికాలం మూసి ఉంచే గేటుని వీళ్ళ కోసం డిసెంబరు ముప్ఫై ఒకటినా, జనవరి ఒకటినా తీసేది ఆ ముసలమ్మ.

అలా మూడేళ్ళు గడిచాయి.

బండి తలుపు తెరవగానే రెజీస్ ఎప్పటిలాగే కాసేపు గడపలోనే నిలబడ్డాడు. ఎవరూ చూడటం లేదని తెలిసినా సిగ్గుగానే ఉంటుంది. లోపల ఆమె వాసన ఉంటుంది. సబ్బు, కాఫీ, ఎండలో ఆరిన తువ్వాలు. కిటికీలు తీస్తే గంటలో పోతుంది. అందుకని మొదటి రోజు ఎంత ఉక్కపోసినా అతను కిటికీలు తియ్యడు.

తర్వాత ఒక్కొక్క అరా తెరిచి చూస్తాడు. దాన్ని సోదా అనరు, సర్దుకోవడం అంటారు. నిరుడు ఒక జుట్టుపిన్ను దొరికింది. అంతకుముందు ఏడాది సగం తిన్న అంజూరపు జామ్ సీసా దొరికితే, మూడు నెలలు రోజుకో చెంచా తిన్నాడు.

ఈ ఏడాది పడకమీది అరలో రెండో బొంత కనబడింది. కొత్తది, మందమైనది. దాని కింద రెండు వేడినీళ్ళ రబ్బరు సంచులు. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. వంటగట్టు కింద, చేపలు పట్టేవాళ్ళు ఒడ్డున పెట్టుకునే బుల్లి గ్యాసు పొయ్యి ఒకటి.

రెజీస్ ఆ రెండు సంచుల్నీ రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మనిషికి పాదాలు రెండే కదా, ఒక సంచి చాలదూ? రెండో సంచి ఎవరి పాదాలకి?

దారి పుస్తకం తీశాడు. ఇంటిబళ్ళ వాళ్ళందరి దగ్గరా ఉంటుంది అలాంటిది. ఏ రోజు ఎక్కడ ఆగాం, గాలి ఎటు నుంచి, మురికినీళ్ళు ఎక్కడ వదిలాం, మంచినీళ్ళు ఎక్కడ నింపాం. పన్నెండేళ్ళూ ఇద్దరూ ఒకే పుస్తకంలో రాశారు. విడిపోయాక కూడా అదే పుస్తకం. ఆమె అందులో మనసులో మాట ఒక్కటీ రాయదు. ఊరు, గాలి, నీళ్ళు. అంతే. అయినా ఆ పొడి మాటలే అతను ఆరు నెలలు చదువుకుంటాడు. ఆమె ఆగిన చోటల్లా ఆగుతాడు. ఆమె "ఇక్కడ పొద్దున్న నీడ" అని రాస్తే ఆ నీడలోనే కుర్చీ వేస్తాడు.

జనవరి పేజీలు తిప్పుతుంటే అతని వేలు ఆగిపోయింది.

"జనవరి 9. ల్యూకాత్, గుల్లల పాకలు. గాలి. గస్పార్ కుళాయి దగ్గర నీళ్ళు నింపాను."

"జనవరి 11. అక్కడే. గాలి. గస్పార్ కుళాయి. నీళ్ళు నింపాను."

"జనవరి 12. అక్కడే. నీళ్ళు నింపాను."

"జనవరి 14. అక్కడే. నీళ్ళు నింపాను."

ఆ ట్యాంకులో వంద లీటర్లు పడతాయి. మారివోన్ నీళ్ళు ఎలా వాడుతుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేస్తుంది. గిన్నెలు ఒక్క మగ్గుతో కడుగుతుంది. ఒక్కతే ఉంటే వంద లీటర్లు ఆరు రోజులు వస్తాయి. గత రెండేళ్ళ పేజీలూ అదే చెబుతున్నాయి. ఇద్దరుంటే మూడు రోజులు. ఆ రెండోవాడు రోజూ స్నానం చేసే సోగ్గాడైతే రెండే రోజులు.

ఫిబ్రవరి అంతా అంతే. మార్చి సగం దాకా అంతే. ఏప్రిల్ వచ్చేసరికి మళ్ళీ ఆరేసి రోజులు.

"వదిలేసి పోయాడన్నమాట," అన్నాడు పైకే. ఆ మాటలో అతనికి సంతోషం కూడా ఉంది, ఎందుకు దాచాలి. మగాడి సంతోషాలు అలాంటివే.

జూన్ చివరి పేజీలో, నీళ్ళ ఊసు తర్వాత, మూడేళ్ళలో మొదటిసారి ఆమె అతనికి ఒక మాట రాసింది. "రెజీస్, దీన్ని అమ్మేద్దాం. నేను ఇక రాను. డిసెంబరులోగా నీ మాట చెప్పు."

బండి అమ్మితే ఇక జుట్టుపిన్ను ఉండదు, వాసన ఉండదు, ఈ పుస్తకం ఉండదు. ఆమె ఆరు నెలలు ఎక్కడుందో, గాలి ఎటు వీచిందో తెలిసే దారే ఉండదు. రెజీస్‌కి ఈ లోకంలో మిగిలిన పెళ్ళాం ఆ పుస్తకంలోనే ఉంది. అది కూడా ఎవడో గస్పార్ కుళాయిలో కొట్టుకుపోతోంది.

కలం తీసి, ఆమె మాట కిందే పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. "అమ్మేద్దాం. నీళ్ళు ఇద్దరికీ సరిపోయాయిగా. వాడికి కొత్త బండి చూసుకో."

రాశాక కాఫీ పెట్టుకుందామని పొయ్యి తిప్పాడు. వెలగలేదు. గ్యాసు లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెజీస్ చెప్పుకోని సంగతి.

ఆ బండిలో రెండు గ్యాసు బండలు ఉంటాయి. ఒకటి అయిపోతే గొట్టం విప్పి రెండోదానికి బిగించాలి. మొదటినుంచీ ఆ పని రెజీస్‌దే. మారివోన్‌కి ఎప్పుడూ నేర్పలేదు. విడిపోయిన మొదటి చలికాలం ఆమె ఫోను చేసింది. "నట్టు రావట్లేదు రెజీస్, చలేస్తోంది," అంది. అతను ఆరు గంటలు రైళ్ళలో కూర్చుని వచ్చాడు. వాన పడుతోంది. రెండు నిమిషాల్లో నట్టు విప్పి బిగించాడు. ఆమె గుడ్లట్టు వేసిపెట్టింది. ఇద్దరూ పది మాటలు మాట్లాడుకున్నారేమో. "ఉప్పు సరిపోయిందా?" "సరిపోయింది." నాలుగింటి రైలుకి వెళ్ళిపోయాడు. ఆ గుడ్లట్టు కోసం మళ్ళీ ఏడాదంతా ఎదురుచూశాడు.

రెండో చలికాలం ఫోను రాలేదు. ఏ ఊళ్ళోనో ఎవడో పక్క బండివాడు విప్పి పెట్టాడట. ఆ సంగతి కూడా పుస్తకంలోనే తెలిసింది.

అందుకని మూడో చలికాలం, నిరుడు డిసెంబరు ముప్ఫై ఒకటిన, తాళం మేకుకి తగిలించే ముందు, రెజీస్ ఆ నట్టుకి పానా వేసి, పానా పిడికి గజం పొడుగు ఇనప గొట్టం తొడిగి, మంచి కాలు నేలకి తన్నిపెట్టి బిగించాడు. ముప్ఫై ఏళ్ళు కప్పుల మీద మేకులు కొట్టిన భుజం అది. ఇప్పుడు ఏ పక్క బండివాడొస్తాడో రమ్మను, అనుకున్నాడు. పిలిస్తే నన్నే పిలవాలి.

జనవరంతా ఫోను పక్కనే పెట్టుకుని పడుకున్నాడు. మోగలేదు.

ఇప్పుడు వెలగని పొయ్యి ముందు నిలబడితే అంతా అర్థమైనట్టే ఉంది. రెండు బండలూ ఖాళీ చేసి పోయింది. అంటే నట్టు విప్పినవాడు ఒకడు ఉన్నాడు. తన పట్టుని విప్పిన చెయ్యి ఒకటి ఉంది. బండి పక్కనున్న ఆ గ్యాసు అర తలుపు తెరవడానికి మనసొప్పలేదు. వదులైన నట్టుని తన కళ్ళతో ఎందుకు చూడాలి? ఆమె బుల్లి పొయ్యి మీదే కాఫీ పెట్టుకున్నాడు. చేదుగా ఉంది. చక్కెర వేసుకోవడం మర్చిపోయాడు, అది వేరే సంగతి.

రెండో రోజు పొద్దున్నే బయలుదేరాడు.

సముద్రం వెంబడి దక్షిణానికి వెళ్ళే దారి జూలైలో ఇంటిబళ్ళతో కిటకిటలాడుతుంది. ఎదురొచ్చే ప్రతి బండివాడూ చెయ్యెత్తుతాడు. అదో ఆచారం. నువ్వెవరో నేనెవరో, ఇద్దరి ఇల్లూ వీపు మీదే ఉంది కదా అని. రెజీస్ తోలేటప్పుడు చెయ్యెత్తేది మారివోనే. "నువ్వు స్టీరింగు చూసుకో, మర్యాదలు నేను చూసుకుంటాను," అనేది. ఇప్పుడు పక్కసీటులో దారి పుస్తకం ఉంది. ఎదురు బళ్ళవాళ్ళు చెయ్యెత్తి, జవాబు రాక, మూతి ముడుచుకుని పోతున్నారు.

ల్యూకాత్ ఉప్పుకయ్య ఒడ్డున, సముద్రపు గుల్లల్ని బతికుండగానే తెరిచి పచ్చిగా వడ్డించే పాకలు వరసగా ఉంటాయి. గస్పార్ పాక కనుక్కోవడం కష్టం కాలేదు. ముందు నాలుగు బల్లలు, లోపల కట్టెపొయ్యి, వెనక కుళాయి. రెజీస్ కళ్ళు అన్నిటికన్నా ముందు ఆ కుళాయి మీదే పడ్డాయి. మామూలు ఇత్తడి కుళాయి. దాన్ని కూడా తిట్టుకున్నాడు.

గస్పార్‌కి అరవై అయిదేళ్ళుంటాయి. రబ్బరు ఏప్రను, బానలాంటి పొట్ట, గుల్లలు కోసి కోసి గాట్లు పడిన చేతులు. సోగ్గాడి పోలికలు ఎక్కడా లేవు. దానికే రెజీస్‌కి మరింత మండింది. వీడా?

"డజను గుల్లలు," అన్నాడు బల్ల ముందు కూర్చుని.

గస్పార్ అతన్ని చూడలేదు. అతని వెనక ఆగిన బండిని చూస్తున్నాడు.

"ఆ నీలం కుక్క!" అన్నాడు. "అది మదాం మారివోన్ బండి కదూ?"

"నాది కూడా."

గస్పార్ కత్తి బల్ల మీద పెట్టాడు. ఎగాదిగా చూశాడు.

"ఓహో! అయితే ఆ నట్టు బిగించిన మొనగాడివి నువ్వేనన్నమాట!"

పక్క బల్ల దగ్గర తింటున్నవాళ్ళు తిరిగి చూశారు. రెజీస్ చెవులు వేడెక్కాయి.

"నా నట్టు సంగతి నీకెందుకు? నీకూ ఆవిడకీ ఏమిటో అది చెప్పు."

"నాకా?" గస్పార్ పొట్ట కదిలేలా నవ్వాడు. "నాయనా, నాకిద్దరు పెళ్ళాలు. ఒకావిడ దేవుడి దగ్గరికి పోయింది, రెండో ఆవిడ తపాలా బంట్రోతు దగ్గరికి పోయింది. మూడోది పోవడానికి నా దగ్గర ఇంకెవడూ తెలిసినవాడు లేడు. కూర్చో. ఊరికే లేవకు, ఆ మోకాలితో."

"మరి నీళ్ళు?" పుస్తకం బల్ల మీద కొట్టాడు రెజీస్. "రెండ్రోజులకోసారి ట్యాంకు ఎందుకు ఖాళీ అయింది? ఒక్క మనిషికి వంద లీటర్లా? ఎవడు స్నానం చేశాడు?"

గస్పార్ నవ్వు ఆపేశాడు.

"స్నానమా?" అన్నాడు మెల్లిగా. "జనవరిలో ఇక్కడ ఉత్తరపు చలిగాలి, త్రామొంతాన్, పదకొండు రోజులు ఆగకుండా కొట్టిందయ్యా. పాక రేకులు రెండు ఎగిరిపోయాయి. పొద్దున్న లేచి చూస్తే ఆవిడ బండి కింద నీళ్ళు కారి కారి గాజుపలకలా గడ్డకట్టి ఉండేవి. 'మదాం, మీ బండి రాత్రి పక్క తడిపింది,' అని వేళాకోళం కూడా ఆడాను. ట్యాంకుకి చిల్లి పడిందేమో అనుకునేది పాపం. మళ్ళీ నింపుకునేది. మర్నాడు మళ్ళీ అంతే."

రెజీస్ వంగి బండి కిందకి చూశాడు.

జూలై ఎండలో, చొక్కా తడిసి కూర్చున్నవాడికి మంచు ఎలా తడుతుంది? వేడినీళ్ళ బాయిలరు కింద ఒక వాల్వు ఉంటుంది. బండి లోపల బాగా చలి పడితే గొట్టాలు పగిలిపోకుండా అదే తెరుచుకుని నీళ్ళు వదిలేస్తుంది. పంపు కట్టెయ్యకపోతే ట్యాంకు మొత్తం లాగి పారబోస్తుంది. హీటరు వెలుగుతుంటే అది ఎప్పటికీ తెరుచుకోదు. అది తెరుచుకుందంటే బండి లోపల, పడక పక్కన, నీళ్ళు గడ్డకట్టేంత చలి ఉందని. ప్రతి బండివాడికీ తెలిసిన సంగతే. పన్నెండేళ్ళు ఆ వాల్వుని చేత్తో మూసినవాడు, ఇద్దరి స్నానాల గురించి ఆలోచించాడు.

"హీటరు..." అన్నాడు.

"ఏ హీటరు? ఒక బండ అయిపోయింది. రెండోది నిండుగా పక్కనే ఉంది. గొట్టం ఊడదు. నా పానా అడిగింది. రోజూ పొద్దున్న పట్టుకెళ్ళేది, అరగంటకి తెచ్చిచ్చేది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉండేవి. 'ఇటివ్వండి, నేను విప్పుతా,' అన్నాను. ఏమందో తెలుసా?"

రెజీస్ పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"'వద్దు మస్యూ గస్పార్,' అంది. 'ఇంత బిగించాడంటే నేను పిలవాలనే బిగించాడు. మీరు విప్పితే అదో గొడవ. నేను పిలిస్తే ఆయన గెలిచినట్టు. నేనే విప్పుకుంటాను.' పోనీ ఇంకా కిందకి, స్పెయిను పొండి, వెచ్చగా ఉంటుంది అన్నాను. 'ఇంకో రెండ్రోజులు చూస్తాను,' అనేది. ఆ రెండ్రోజులు రెండు నెలలయ్యాయి. పగలు ఊళ్ళో బట్టలుతికే మిషన్ల దుకాణంలో కూర్చునేది, అక్కడ వెచ్చగా ఉంటుందని. ఉతకడానికి బట్టల్లేక, ఉతికిన తువ్వాళ్ళే మళ్ళీ ఉతికేది. ఒంటికి ఒక సంచి, పాదాలకి ఒక సంచి పెట్టుకుని పడుకుంటానని ఒకసారి నవ్వుతూ చెప్పింది. నాకైతే నవ్వు రాలేదు."

"ఏం చూస్తానంది?"

"ఏమో. నన్నడుగుతావేం? ఫోను అయితే ఎప్పుడూ చేతిలోనే ఉండేది."

గుల్లలు వచ్చాయి. రెజీస్ ముట్టుకోలేదు. లేచి బండి పక్కకి వెళ్ళి, నిన్నటి నుంచి తెరవని ఆ అర తలుపు తెరిచాడు.

నట్టు విప్పి లేదు. అతను బిగించిన చోటే ఉంది. ఆరు మూలలూ అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇత్తడి తెల్లగా గీసుకుపోయింది. ఒకటి రెండు చోట్ల ఎండిపోయిన నల్లటి మరక. నూనె కావచ్చు, మరోటి కావచ్చు. పనిచేసినవాడికి అరిగిన మూల చూస్తే ఏ వైపు నుంచి బలం పడిందో తెలుస్తుంది. రెజీస్ వేలితో తడిమి చూశాడు. మళ్ళీ తడిమాడు. మోకాలు నొప్పి మర్చిపోయి అక్కడే ఇసకలో కూలబడ్డాడు.

"ఏమైందయ్యా?" గస్పార్ వచ్చి నిలబడ్డాడు.

"ఇది ఎడమ మర," అన్నాడు రెజీస్. "గ్యాసు బండ నట్టు అన్ని నట్టుల్లాంటిది కాదు. విప్పాలంటే కుడివైపు తిప్పాలి. ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది."

గస్పార్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అతని పాకలో కట్టెపొయ్యే.

"అంటే... ఆవిడ రోజూ..."

"రోజూ బిగిస్తూనే ఉంది."

"నువ్వు చెప్పలేదా?"

రెజీస్ చేతికంటిన ఇసక దులుపుకున్నాడు. పన్నెండేళ్ళు ఆ నట్టు తిప్పేటప్పుడు ఆమెకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఒకసారి ఆమె నేర్పమని అడిగింది కూడా. బార్సిలోనా దాటాక, ఏదో చిన్న ఊరు, బాదం చెట్ల నిండా కాయలు. "ఇది ఆడవాళ్ళ పని కాదులే," అన్నాడు. నిజానికి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కుడివైపు తిప్పాలి, అంతే. ఆ ఒక్క ముక్క చెప్పేస్తే తనతో ఇంకేం పని ఉంటుంది ఆమెకి? బడి చదువు లేనివాడి దగ్గర ఉన్న రహస్యం అదొక్కటే. దాన్ని కూడా పంచిపెడతాడా?

విప్పడానికి ఇద్దరు మగాళ్ళు కావలసి వచ్చింది. గస్పార్ బండని పొట్టకి అదిమి పట్టుకుంటే, రెజీస్ పానాకి గొట్టం తొడిగి వేలాడాడు. మూడోసారికి నట్టు కుక్కపిల్లలా కీచుమంది. ఊడొచ్చింది. రెజీస్ పెట్టెలోంచి కొత్త నట్టు, కొత్త వాషరు తీసి వేశాడు. ఒంటి చేత్తో, రెండు వేళ్ళతో, ఆడపిల్ల జడకి రిబ్బను కట్టినంత మెల్లగా బిగించి, సబ్బునీళ్ళు రాసి చూశాడు. బుడగ రాలేదు. గ్యాసు కారకుండా ఉండటానికి అంతే చాలు. ఎప్పుడూ అంతే చాలు.

పుస్తకం తీసి తను నిన్న రాసిన మాట చూసుకున్నాడు. సిరా ఆరిపోయింది. చింపేద్దామని కాగితం అంచు పట్టుకున్నాడు. వెనక్కి తిప్పితే అటువైపు ఆమె రాసిన జూన్ మొదటి వారం ఉంది. "కొలియూర్. గాలి లేదు. పొద్దున్న ఈదాను." చింపితే అదీ పోతుంది. వదిలేశాడు.

ఫోను చేశాడు. మూడేళ్ళలో అతను చెయ్యడం అదే మొదటిసారి. నాలుగుసార్లు మోగింది.

"ఏమైంది? బండి పాడైందా?" అంది మారివోన్. గొంతు పొద్దున్నే లేచిన మనిషి గొంతులా ఉంది.

"లేదు. నట్టు కుడివైపు తిప్పాలి."

ఎక్కడో సముద్రపు పక్షి అరిచింది. ఆమె వైపో, తన వైపో తెలియలేదు.

"ఏంటన్నావ్?"

"గ్యాసు బండ నట్టు. దానిది ఎడమ మర. కుడివైపు తిప్పితే వదులవుతుంది. నువ్వు... నువ్వు ఎడమవైపు తిప్పావు."

"పన్నెండేళ్ళు, రెజీస్."

"ఊఁ."

"పన్నెండేళ్ళు నీ వీపు చూస్తూ కూర్చున్నాను."

"ఊఁ."

"ఊఁ ఏమిటి ఊఁ! నోరు పడిపోయిందా? పడాల్సినప్పుడు పడలేదు." ఆమె గొంతు పైకి లేచి, మళ్ళీ దిగింది. "నీకు ఫోను చెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా? నంబరు నొక్కి ఆపేసేదాన్ని. ఈయనే చేస్తాడులే, చలిగా ఉందా అని ఒక్క మాట అడుగుతాడులే అనుకునేదాన్ని. నీకూ చేతులున్నాయిగా."

"నువ్వు చేస్తావని ఇంట్లో కూర్చున్నాను."

"అక్కడ నువ్వు కూర్చున్నావు, ఇక్కడ నేను గడ్డకట్టాను. బాగుంది." ఆమె నవ్విందో ముక్కు చీదిందో తెలియలేదు. "చలంటేనే భయం పట్టుకుంది నాకు. సెత్‌లో గది తీసుకున్నాను. కిటికీ కింద హీటరు ఉంది. బండి అమ్మేద్దాం, రెజీస్. కోపంతో అనటం లేదు."

ఒక్క అవకాశం ఉంటే బాగుండు, ఇంకో చలికాలం వెచ్చగా చూసుకుంటాను, అని నాలుక చివరిదాకా వచ్చింది. కప్పుల మీంచి కేకలెయ్యడానికి తప్ప పనికిరాని నోరది. అక్కడే ఆగిపోయింది.

"పుస్తకంలో ఒక పాడు మాట రాశాను," అన్నాడు. "నిన్న రాశాను. తెలియక."

"నువ్వు తెలిసి రాసిందెప్పుడు?" అంది. తర్వాత, "డిసెంబరు ముప్ఫై ఒకటిన తాళం మేకుకి తగిలించి పారిపోకు. ఉండు. ఆ నట్టు నేనే విప్పుతాను, నేనే బిగిస్తాను. నువ్వు చేతులు జేబులో పెట్టుకుని చూడు. తర్వాత అమ్మేద్దాం."

"సరే."

ఆ సరే దేనికన్నాడో అతనికే తెలియదు. ఉండటానికా, అమ్మడానికా.

"గుడ్లట్టు..." అన్నాడు.

ఫోను అప్పటికే పెట్టేసింది.

గస్పార్ గుల్లలు తినమని పోరు పెట్టాడు. "ఎండలో చచ్చిపోతాయి, నీ మీద పాపం," అన్నాడు. రెజీస్ పన్నెండూ తిన్నాడు. వెనక కుళాయి దగ్గర ట్యాంకు నిండుగా నింపుకున్నాడు. బయలుదేరి దక్షిణానికి తిరిగాడు. హద్దు దాటే కొండ మలుపులో ఎదురుగా ఒక ముసలి జంట బండి వచ్చింది. పక్కసీటులో ఆవిడ చెయ్యెత్తింది. రెజీస్ స్టీరింగు మీంచి చెయ్యి తీసి ఎత్తాడు. అది అలవాటు లేని చెయ్యి. ఆలస్యంగా లేచింది.

స్పెయిను ఒడ్డున ల్యాన్సా దగ్గర ఆగాడు, ఆమె మేలో ఆగిన జాగాలోనే. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేశాడు. గిన్నెలు ఒక్క మగ్గుతో కడిగాడు. ఒళ్ళు సముద్రంలోనే కడుక్కున్నాడు.

ట్యాంకు అడుగంటాక పుస్తకం తీసి, ఆమె ఎలా రాస్తుందో అలాగే, ఊరు, గాలి, నీళ్ళు రాశాడు. డిసెంబరులో ఈ పుస్తకం ఆమె చేతికి వెళుతుంది. బండి ఎవరిదైనా, ఒక్కసారి తిరగేస్తుంది.

"జూలై 10. ల్యాన్సా. గాలి లేదు. పొద్దున్న నీడ నువ్వు చెప్పిన చోటే ఉంది. నీళ్ళు నింపాను. ఎనిమిది రోజులు వచ్చాయి."